తీగపాకం

మొదటిసారి గౌరినాయుడి నోటివెంట హైమ గొంతు వచ్చినప్పుడు అది హైమ గొంతులా లేదు. సీసాలో పడ్డ తుమ్మెద రొదలా ఉంది.

"ఉడతా..." అన్నాడు వంటింటి కిటికీ ముందు నిలబడి. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు తప్ప వినేవాళ్ళెవరూ లేరు. రెండో మాట అనబోతుంటే చేతిలోని వేప్ పెన్ను అనే కరెంటు సిగరెట్టు గొట్టంలోంచి వేడి చుక్క ఎగిరి నాలుక మీద పడింది. ద్రవం మరీ పల్చనైపోయింది. లోపలి దూది దాన్ని పట్టి ఉంచలేక కక్కేస్తోంది. నోరు పుక్కిలించి, స్టీలు గిన్నెలో ఇంకాస్త గ్లిజరిన్ పోసి చెంచాతో తిప్పాడు. ఈసారి మరీ చిక్కనైపోయింది. దూది పీల్చుకోలేక ఒట్టిదే మాడింది. ఆ పొగ గొంతులో పడి, గట్టు పట్టుకుని వంగిపోయి దగ్గాడు.

దగ్గు విని ధాత్రి గుమ్మంలోకి వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. తలంతా చిక్కులు పడి, ఒక పక్క జుట్టు అట్టకట్టి ఉంది.

"ఏం లేదమ్మడూ. పోపు ఘాటు," అన్నాడు తన మామూలు గొంతుతో. గౌరినాయుడిది మొరటు గొంతు. నేల మీద బియ్యం బస్తా ఈడ్చినట్టుంటుందని భార్య హైమ వెక్కిరించేది.

ధాత్రి వెలిగించని పొయ్యి వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. వానల్లో తల్లి డెంగీ జ్వరంతో పోయినప్పటి నుంచి ఆ పిల్ల చాలా సంగతులకి ఏమీ అనకుండా వెళ్ళిపోతోంది.

గౌరినాయుడు గిన్నె కడిగి మళ్ళీ మొదలుపెట్టాడు.

విశాఖపట్నంలో సముద్రానికి కాస్త ఇవతలగా ఉన్న ఒక గొంతు ఆసుపత్రిలో అతను ప్రయోగశాల సహాయకుడు. కెమిస్ట్రీలో డిగ్రీ చదివాడు. ఆ ప్రయోగశాల పెద్ద డాక్టర్ కాత్యాయని. ఆవిడ పన్నెండేళ్ళు కూర్చుని కనిపెట్టిన మందుకి స్వరరసం అని పేరు. పేరు వింటే ఏదో లేహ్యంలా ఉంటుంది గానీ, అదేం చేస్తుందో తెలియాలంటే ఆ ఏడాది వేసవిలో కండక్టర్ వీర్రాజు మొదటిసారి మాట్లాడిన పూట అక్కడ ఉండాల్సింది.

వీర్రాజు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. గొంతులో పుండుకి వైద్యం చేస్తే ప్రాణం నిలిచింది గానీ మాట పోయింది. స్వరతంత్రులు బిరుసెక్కి ఒట్టి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అతని పాత గొంతు దొరికింది ఒకే ఒక్కచోట, కూతురి పెళ్ళి వీడియోలో. వంటవాళ్ళ మీదా, టెంటు వాడి మీదా, కెమెరా వాడి మీదా అరుస్తూ గంటసేపు ఉన్నాడు. ఆ అరుపుల్ని గౌరినాయుడే ఏరి, శుభ్రం చేసి ఇచ్చాడు. వాటినిబట్టి డాక్టరమ్మ ఒక 'అచ్చు' తయారుచేసింది, ఆ అచ్చుని చిన్న సీసాలో సారంగా దించింది. యంత్రంలోంచి ఆ సారం మంచులా వీర్రాజు గొంతులోకి వెళ్ళి తంత్రుల మీద ఉల్లిపొర కన్నా సన్నగా పరుచుకుంది. ఎవరి అచ్చుతో చేసిన పొరైతే తంత్రులు వాళ్ళలా కదులుతాయి.

"ఏదైనా అనండి," అంది డాక్టరమ్మ.

"ముందుకి జరగండి! ఫుట్‌బోర్డు ఖాళీ చెయ్యండి!" అన్నాడు వీర్రాజు. వార్డంతా ఉలిక్కిపడి, తర్వాత పగలబడి నవ్వింది. అరుపుల్లోంచి చేసిన పొర గదా, మెల్లిగా అన్నా అరిచినట్టే వచ్చింది. వాళ్ళావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడుస్తావేటే? ఇన్నాళ్ళు నేను నోరు మూసుకుంటే బాగుందా?"

"బాగుంది," అంది ఆవిడ ఏడుస్తూనే. "అయినా అరుస్తూనే ఉండు."

గంట గడిచాక గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పొర ఊడి వచ్చేసేది. రోజుకొకసారి వేయించుకోవచ్చు. ఒక్కటే పథ్యం. ఆ పూట పులుపు తగలకూడదు.

"చారు లేకపోతే అన్నం ఎలా దిగుద్ది నాయుడూ?" అని వీర్రాజు రోజూ గొడవ. "పప్పుతో తినండి మావా. గొంతు ఒరుసుకుపోతుంది," అని గౌరినాయుడు రోజూ సర్దిచెప్పేవాడు. పులుపు వద్దన్నది అందుకేనని అతను అనుకున్నాడు. అడగలేదు. డాక్టరమ్మా చెప్పలేదు.

ఇదంతా రోగుల దాకా రాకముందు, పరీక్షలకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గొంతులు కావాల్సి వచ్చింది. ఆసుపత్రి వాళ్ళే తమ ఇళ్ళలోవాళ్ళని తీసుకొచ్చారు. హైమ కూడా వచ్చింది. పేపరు చదవమని అద్దాల గదిలో కూర్చోబెడితే, వార్త వార్తకీ మధ్య ఆగి ఆ వార్తలోని మనుషుల్ని తిట్టింది. అద్దం బయట మీట నొక్కుతూ కూర్చున్న గౌరినాయుడు "ఊఁ, కానీ" అన్నప్పుడల్లా నవ్వింది. తర్వాత ఆ "ఊఁ, కానీ"లన్నీ అతనే జాగ్రత్తగా కత్తిరించి పారేశాడు. హైమ గొంతు సీసా ఫ్రిజ్‌లో వెనక అరలో ఉండిపోయింది.

ఆమె పోయిన నెలకి, ఆ సీసాని అతను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. దొంగతనం అనిపించలేదు. అతనికి అనిపించిందల్లా, ఆమె అన్నాళ్ళూ అంత చల్లటిచోట ఒక్కతే ఉందని.

కారణం ధాత్రి జుట్టు.

హైమ రోజూ బడికి ముందు పిల్లని కిటికీ దగ్గర పీట మీద కూర్చోబెట్టి రెండు జడలు వేసేది. జడ వేస్తున్నంతసేపూ వాగుతూనే ఉండేది. ఆమె పోయాక ధాత్రి తల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. దువ్వెన చూస్తే చాలు, గొంతు చించుకుని అరిచేది. మళ్ళీ నోరు కట్టేసినట్టు ఊరుకునేది. ప్రతి ఆదివారం భీమిలి నుంచి వచ్చే అత్తగారు, హైమ తల్లి నరసమ్మ ఇక చూడలేకపోయింది.

"సింహాచలం తీసుకెళ్ళి తీయించేద్దుం బాబూ. అప్పన్నకి ఇచ్చినట్టూ ఉంటాది, పాపకి తల తేలికా అవుతాది."

ఆ మాట విన్న ధాత్రి రెండు చేతులూ తల మీద పెట్టుకుని మంచం కిందికి దూరింది. అన్నానికీ రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్క మాట అంది. "అమ్మ వేసిన జడ ఇందులోనే ఉంది."

అట్టకట్టిన ఆ పక్కన నిజంగానే ఉంది. సగం ఊడిన పాత జడ, కొసన మాసిన నీలం రిబ్బను.

గౌరినాయుడి తండ్రికి విజయనగరంలో మిఠాయి కొట్టు ఉండేది. కాజాల పాకం పట్టేటప్పుడు ఆయన ఏ కొలతా చూసేవాడు కాదు. గరిటె నుంచి చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి, మెల్లిగా విడదీసేవాడు. మధ్యలో ఒక తీగ సాగాలి. సాగి, ఒక్క క్షణం నిలబడి, తెగాలి. సాగకపోతే లేతపాకం. తెగకపోతే ముదురుపాకం. ఆసుపత్రి యంత్రానికి చిక్కదనం కొలిచే గాజు గొట్టాలున్నాయి. ఇంట్లో గౌరినాయుడికి ఉన్నవి ఆ రెండు వేళ్ళే.

ఆ యంత్రానికి బదులు, హార్బరు వైపు సందులో చాటుగా అమ్మే వేప్ పెన్ను కొన్నాడు. చిక్కదనానికి గ్లిజరిన్, దాన్ని పల్చన చెయ్యడానికి మందుల షాపు ద్రవం ఇంకొకటి, అందులో సీసాలోని సారం నాలుగు బొట్లు. పల్చనైతే తుమ్మెద. చిక్కనైతే మాడు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో హైమ ఉంది. పొద్దున్నే లేచి, పిల్ల లేవకముందు ఆమె కోసం వెతికేవాడు. ఒకరోజు ఆమె పెద్దమ్మలా వినిపించింది. ఒకరోజు జలుబు చేసినట్టుంది. ఒకరోజు మరీ దగ్గరగా వచ్చేసి, ఒక్క మాట దగ్గర మగగొంతులోకి జారిపోయింది. ఆరోజు గ్యాసు బండ మీద కూలబడిపోయాడు.

ఆ తర్వాత ఒక పొద్దున వేళ్ళ మధ్య తీగ సాగి, నిలబడి, తెగింది.

అతను పొగ పీల్చి, కిటికీ బయటికి వదిలి, ధాత్రి వెనక పీట మీద కూర్చున్నాడు. పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూస్తోంది. దువ్వెన తియ్యగానే భుజాలు బిగుసుకున్నాయి.

"ఉడతా, కదలకు. కదిలావంటే పాపిడి వంకరపోతుంది, బళ్ళో నన్నంటారు."

ధాత్రి చేతులు చువ్వల మీదే ఉన్నాయి. వీపు మాత్రం, గాలి తీసేసిన బెలూనులా, మెల్లిగా మెత్తబడింది. వెనక్కి తిరగలేదు. అతను చిక్కు ఒక్కొక్కటే కొస నుంచి విడదీస్తూ, కాకిని తిట్టాడు, కుళాయి నీళ్ళని తిట్టాడు, ఎదురింటి వాళ్ళ మిక్సీని తిట్టాడు. తొమ్మిదేళ్ళు ఆ గొంతు విన్నాడు గానీ, అందులోని మాటలు అతనికి ఎన్నో గుర్తులేవని అప్పుడే తెలిసింది. ఉన్నవాటినే తిప్పి తిప్పి అన్నాడు. పాత జడ దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది.

"ఇది విప్పి కొత్తది వెయ్యనా?"

పిల్ల బయటికే చూస్తూ అంది: "నెమ్మదిగా, అమ్మా."

అతను నీలం రిబ్బను విప్పాడు. ఏడుస్తే పొర చెదిరిపోతుందని ఊపిరి బిగబట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య ఎవరూ చెప్పని ఒక కట్టుబాటు ఏర్పడింది. జడ వేస్తున్నంతసేపూ ధాత్రి వెనక్కి తిరగదు. జడ అయ్యాక అతను బాత్రూములోకి వెళ్ళి ఉప్పునీళ్ళు పుక్కిలించి, తన మొరటు గొంతుతో "అమ్మడూ, జోళ్ళేసుకో, బస్సొచ్చేస్తుంది!" అని కేకేస్తాడు. పిల్ల పరిగెత్తుకొస్తుంది. అమ్మా నాన్నా ఇద్దరూ తనకి ఉన్నట్టే. బళ్ళో మాట్లాడుతోందట. తింటోంది. ఒకరోజు తనంతట తనే దువ్వెన తెచ్చి పీట మీద కూర్చుంది. పోయినామె పోగా ఇంత మిగలడం గౌరినాయుడికి దొంగసొత్తులా తోచేది. అయినా వదిలిపెట్టలేకపోయాడు.

డిసెంబరు చలి మొదలయ్యాక ద్రవం రవ్వ కట్టింది.

రాత్రి నిలవుంచిన సీసా అడుగున పొద్దున్నకి తెల్లటి సన్నటి రవ్వ పేరుకునేది. వేడిచేస్తే కరిగేది, చల్లారితే మళ్ళీ పేరేది. రవ్వ పడిన పూట హైమ గొంతు గరగరలాడేది. ధాత్రి వీపు బిగుసుకునేది. "అమ్మకి జ్వరమా?" అని అడిగిందొకసారి, బయటికే చూస్తూ. జ్వరం అంటే ఆ ఇంట్లో ఏమిటో గౌరినాయుడికి తెలుసు.

రవ్వ కట్టిన పాకానికి ఏం చెయ్యాలో మిఠాయి కొట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. తండ్రి పొయ్యి పక్కనే నిమ్మచెక్క ఉండేది. పాకం మరుగుతున్నప్పుడు రెండు చుక్కలు పిండితే ఇక రవ్వ కట్టదు, తేటగా నిలబడుతుంది. నిమ్మరసంలో పిప్పి ఉంటుంది గనక, గౌరినాయుడు నిమ్మఉప్పు తీసుకున్నాడు. చిటికెలో సగం. పులుపు పథ్యం గుర్తుకు రాకపోలేదు. గొంతు ఒరుసుకుపోయేంత పులుపా ఇది అనుకున్నాడు.

ద్రవం తేనెలా తేటపడింది. వేళ్ళ మధ్య తీగ ఎప్పుడూ లేనంత అందంగా సాగింది.

ఆ వారమంతా హైమ పూర్తిగా వచ్చింది. మాట చివర చిన్నగా సాగదీసే ఆ సాగతీత, నవ్వు మొదలవబోయే ముందు గొంతులో వచ్చే ఆ చిన్న గతుకు, అన్నీ. పుక్కిలించినా పొర వెంటనే పోయేది కాదు, రెండోసారీ మూడోసారీ పుక్కిలించాల్సి వచ్చేది. "అమ్మడూ" అన్న కేక ఆలస్యమయ్యేది. దాన్ని అతను పట్టించుకోలేదు.

ఆదివారం నరసమ్మ చెప్పిన వేళకన్నా ముందే బస్సు దిగింది. మనవరాలికి ఉసిరికాయలు తెచ్చింది. రెండో అంతస్తు మెట్లు ఎక్కుతుంటే, తెరిచి ఉన్న తలుపులోంచి కూతురి గొంతు వినిపించింది.

"ఏయ్ ఉడతా, ఊగకు. జడా వేస్తున్నది, ఉయ్యాలా?"

ఉసిరికాయలు మెట్ల మీద దొర్లిపోయాయి. "హైమా?" అంటూ ఆ ముసలావిడ ఎలా ఎక్కిందో, గుమ్మంలోకి వచ్చి పడింది. పీట మీద మనవరాలు. వెనక, నోట్లో రిబ్బను కొస పట్టుకుని అల్లుడు.

గౌరినాయుడు రిబ్బను వదిలేశాడు. "అత్తమ్మా..." అన్నాడు. అది హైమ గొంతులో వచ్చింది.

నరసమ్మ తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆవిడ గోడకి ఆనుకుని మెల్లిగా నేల మీద కూలబడింది. ధాత్రిని లోపలికి వెళ్ళమంది. పిల్ల వెళ్ళాక, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"అత్తమ్మా కాదు బాబూ. అమ్మా అను. ఒక్కసారి."

"వద్దత్తమ్మా."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆసుపత్రిలో దానికి గొట్టం ఏసేసినారు. కడసారి నన్ను పిలవలేదు."

అతను కళ్ళు మూసుకుని "అమ్మా" అన్నాడు.

"ఊఁ," అంది నరసమ్మ. "ఏటి తల్లీ."

ఆవిడ కాసేపు ఎదురుచూసింది. తర్వాత చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది, మనిషి మారిపోయినట్టు లేచి నిలబడింది.

"చాలు. ఇంక ఒద్దు. నాలాటి ముసిల్దానికే ఇది ఇలాగ తగిలితే, ఆ పసిదాన్ని ఏటి సేస్తన్నావో నీకు తెలస్తందా? దాన్ని నువ్వు పెంచుతన్నావా, నా కూతురు పెంచుతందా? కడిగేసుకో బాబూ."

అతను బాత్రూములోకి వెళ్ళి పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. నీళ్ళు మరగకాచి, నాలుక కాలేదాకా పుక్కిలించాడు. అద్దంలో తన మీసాలూ తన కళ్ళూ చూస్తూ "గౌరినాయుడు" అన్నాడు. హైమ అతన్ని పేరు పెట్టి పిలిచినట్టుంది. బతికుండగా ఎప్పుడూ పిలవలేదు.

మర్నాడు డాక్టర్ కాత్యాయని అతని గొంతులోకి దీపం గొట్టం దించి చాలాసేపు చూసింది. తెర మీద తంత్రులు కనిపించలేదు. వాటి స్థానంలో వార్నిష్ పూసిన చెక్కలా మెరుస్తున్నదేదో ఉంది.

"ఏం కలిపారు నాయుడుగారూ?"

అతను దాచలేదు. సీసా తెచ్చిన సంగతీ, గ్లిజరిన్ సంగతీ చెప్పాడు. చనిపోయిన ఆ అమ్మాయి గొంతు విని ప్రయోగశాలలో అందరూ పని ఆపేశారు. ఎవరో తలుపు దగ్గరగా వేశారు.

"ఇంకేమైనా?"

"నిమ్మఉప్పు మేడమ్. చిటికెలో సగం. రవ్వ కట్టకుండా."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "గ్లిజరిన్, నిమ్మఉప్పు కలిపి వేడిచేస్తే ఏమవుతుందో మీరు కాలేజీలో చదువుకునే ఉంటారు. ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. మీ పెన్ను కాలే తీగ దగ్గర అదే అయింది. పీల్చిన ప్రతిసారీ ఒక్కొక్క పొర తంత్రుల మీద అతుక్కుపోయింది." కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పులుపు వద్దన్నది అందుకే. కారణం చెప్పలేదు. నాకు తెలుసు గదా, చాల్లే అనుకున్నాను."

"ఊడదీయలేమా?"

"తీస్తే తంత్రులతో సహా వస్తుంది. ఊపిరి ఉంటుంది. మాట ఉండదు. వీర్రాజుకి పొర వెయ్యడానికి కింద బిరుసైన తంత్రులైనా ఉన్నాయి. మీకు అవీ మిగలవు."

"తీయకపోతే?"

"ఇంకా గట్టిపడుతుంది. కొన్ని నెలలకి పగులుతుంది. పగిలిన అంచు గొంతుని కోస్తుంది." ఆవిడ అతని వైపు చూడలేక తెర వైపు చూసింది. "అప్పటిదాకా ఇదే గొంతు. మాట్లాడుకోండి. మీ పాపతో."

వీర్రాజు ఆ పూట మంచు వేయించుకుని వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. గౌరినాయుడు నోరు విప్పలేదు గానీ సంగతి అప్పటికే ఆసుపత్రంతా పాకింది. వీర్రాజు అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తన గంటసేపు గొంతునీ ఆ రోజు వాడలేదు. గంట అయ్యాక లేచి ఉప్పునీళ్ళు పుక్కిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రోజులు గౌరినాయుడికి హైమతో కలిసి బతికినట్టు లేవు. హైమని తొడుక్కుని తిరిగినట్టున్నాయి. కూరగాయలబండి దగ్గర వంకాయలు అడిగితే బండివాడు చుట్టూ చూసి, అడిగిందెవరో తెలిశాక నవ్వు ఆపుకోలేకపోయాడు. బళ్ళో టీచరు ఫోనులో "మీ వారికి ఇవ్వండమ్మా" అంది. నరసమ్మ ఆదివారాలు పైకి రావడం మానేసింది. మనవరాల్ని కిందికి పంపమని వీధిలో నిలబడి అడిగేది.

అందరికన్నా ముందు ఆనందపడాల్సింది ధాత్రి. రోజంతా అమ్మ గొంతే. అన్నం తినమన్నా, హోంవర్కు చెయ్యమన్నా, స్నానానికి రమ్మన్నా. కానీ జడ అయిపోయాక పిల్ల పీట మీద నుంచి లేవడం లేదు. చెవులు రిక్కించి బాత్రూము వైపు చూస్తూ కూర్చుంటోంది. నీళ్ళ చప్పుడు కోసం. ఆ చప్పుడు తర్వాత రావాల్సిన కేక కోసం.

ఒక పొద్దున, జడ మధ్యలో, బయటికి చూస్తూనే అడిగింది.

"అమ్మా, నాన్న ఎప్పుడొస్తాడు?"

గౌరినాయుడి చేతుల్లో మూడు పాయలున్నాయి. ఏది దేని మీదుగా వెయ్యాలో మరిచిపోయాడు.

"నాన్న కూడా చచ్చిపోయాడా?"

అతను పాయలు వదిలేసి, పిల్లని భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. అన్నాళ్ళలో మొదటిసారి, ఆ గొంతు వస్తున్న నోటిని ధాత్రి చూసింది. చూడాల్సిందేనని అతనికి తెలుసు. ఆ నిజం చెప్పడానికి అతనికి వేరే గొంతు లేదు.

"నేను నాన్ననే అమ్మడూ. అమ్మ లేదు. వానల్లో పోయింది. రోజూ నీ వెనక కూర్చున్నది నేనే. అమ్మ గొంతు తెచ్చి పెట్టుకున్నాను. ఇప్పుడు తియ్యడానికి రావడం లేదు."

అమ్మ లేదన్న మాట అమ్మ గొంతులోనే విన్నది ఆ పిల్ల. మొహంలో ఏమీ కదల్లేదు. చెయ్యి చాపి అతని కంఠం మీద అరచెయ్యి పెట్టింది.

"నాకు తెలుసు. నీ చేతులు గరుగ్గా ఉంటాయి. అమ్మవి మెత్తగా ఉండేవి."

"తెలిసీ..."

"నువ్వు బాత్రూములోంచి వస్తావు గదా మళ్ళీ. అందుకని."

అతను కంఠం మీది ఆ చేతిని తన చేత్తో కప్పాడు.

"నాన్న గొంతు సీసా లేదా?" అంది ధాత్రి. "ఆసుపత్రిలో? ఫ్రిజ్‌లో?"

లేదు. అచ్చుకి గంటసేపు మాటలు కావాలి. ఎన్నో గొంతుల్ని అద్దం ఇవతల కూర్చుని పట్టాడతను. తనది మాత్రం, ప్రతి చోటా, వెతికి వెతికి కత్తిరించేశాడు. హైమ ఫోనులో పిల్ల వీడియోలున్నాయి. వాటిలో కెమెరా వెనక నుంచి "ఇటు చూడు" అన్న మాట ఒకటి, గాలి చప్పుడులో కలిసిపోయి, దొరికింది. అంతే.

పొర తీయించేసుకుంటానని డాక్టరమ్మకి చెప్పాడు. కొన్ని నెలలైనా మాట ఉంటుంది గదా, ఆలోచించుకోమంది ఆవిడ. "పాప నాకోసం ఎదురుచూస్తోంది మేడమ్. ఈ గొంతు ఉన్నంతకాలం చూస్తూనే ఉంటుంది," అన్నాడు.

ఆసుపత్రికి వెళ్ళే పొద్దున నరసమ్మకి ఫోను చేశాడు. ఆవిడ వచ్చి, చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి, మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ముగ్గురూ వంటింట్లో నేల మీద కూర్చున్నారు. పోయే మనిషితో మాట్లాడే వీలు దొరకాలని లోకంలో ఎందరో కోరుకుంటారు. ఆ వీలు ఆ వంటింట్లో దొరికింది, మాటలే దొరకలేదు. చివరికి నరసమ్మే అడిగింది.

"దానిచేత ఎళ్ళొస్తానని సెప్పించు బాబూ. అప్పుడు సెప్పకుండా పోయింది."

గౌరినాయుడు కూతురి వైపు చూశాడు. పిల్ల తల ఊపింది.

"ఉడతా, నేను వెళ్తున్నానే," అన్నాడు. "అమ్మా, వెళ్తున్నాను."

"ఎళ్ళిరా తల్లీ," అంది నరసమ్మ. ధాత్రి మాత్రం తండ్రి బొటనవేలు గట్టిగా పట్టుకుంది, అతను ఎటైనా పోతాడేమోనని.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాట్లాడేది పిల్ల ఒక్కతే. గౌరినాయుడికి గాలి మాత్రం మిగిలింది. చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పగలడు. కానీ గుసగుసకి మనిషి గుర్తు ఉండదు. ఎవరి గుసగుసైనా ఒకటే. ఆ గాలితో "అమ్మడూ" అని చూశాడొకసారి. తనకే తెలియని ఎవరో అన్నట్టుంది. మళ్ళీ అనలేదు. ఉద్యోగం మాత్రం ఉంది. గొంతులు పట్టడానికి మాట్లాడక్కర్లేదంది డాక్టరమ్మ. కొత్తగా ప్రతి సీసా మీదా పులుపు ఎందుకు వద్దో పెద్ద అక్షరాలతో అతికించారు.

జడలు మానలేదు. పొద్దున పీట వేసి కూర్చుంటారు. ఇప్పుడు ధాత్రి కిటికీ వైపు కాకుండా అద్దం వైపు తిరిగి కూర్చుంటుంది. వెనక ఉన్నవాడి మొహం కనిపించేలా. పాపిడి ఇంకా వంకరగానే వస్తుంది. జడ వేస్తున్నంతసేపూ ఇద్దరి మధ్యా దువ్వెన చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

ఒకరోజు జడ అయిపోయింది. రిబ్బను ముడి వేశాడు. అలవాటుగా ఇద్దరూ ఒక క్షణం ఆగారు, బాత్రూములోంచి రావాల్సిన దానికోసం. అప్పుడు ధాత్రి లేచి నిలబడి, గడ్డం మెడకి ఆనించి, కనుబొమలు ముడేసి, ఆ చిన్న గొంతుని ఎంత కిందికి దించగలదో అంత కిందికి దించి, గరగరగా కేకేసింది.

"అమ్మడూ, జోళ్ళేసుకో, బస్సొచ్చేస్తుంది!"

అని, తనే పరిగెత్తి జోళ్ళు వేసుకుంది.

అప్పటి నుంచి రోజూ అదే. ఒక్కోరోజు గడ్డం ఆనించడం మరిచిపోతుంది. ఒక్కోరోజు బస్తా ఈడ్చిన చప్పుడు పోయి, ఆటలో పులి చేసే చప్పుడులా వస్తుంది. ఆ గొంతు అచ్చంగా గుర్తున్నవాళ్ళు ఇక ఎక్కువమంది లేరు. పిల్లకీ కొంచెం కొంచెంగా అది చెదిరిపోతోంది. రోజు రోజుకీ ఆ కేక అతనిది తక్కువవుతోంది, పిల్లది ఎక్కువవుతోంది.

ఒక పొద్దున జోళ్ళ బకిలు పెట్టుకుంటూ, అనుమానం వచ్చి, తలెత్తి అడిగింది.

"ఇలాగేనా నాన్నా? నువ్వు ఇలాగే అనేవాడివి గదా?"

అలా కాదు. ఏమాత్రం అలా ఉండేది కాదు. గౌరినాయుడు వంగి, రెండో జోడు బకిలు పెట్టి, ఇలాగేనని తల ఊపాడు.